వసంతలక్ష్మి వంటచెరకు

ఎవరింటికి వెళ్ళినా వసంతలక్ష్మి ముందు వంటింట్లోకి తొంగిచూస్తుంది. కుశలప్రశ్నలు ఆ తర్వాతే. ఫ్రిజ్ మీద అంటించిన ఫొటోలో ఉన్నదెవరు, మూలన ఉన్న కొత్త మిక్సీ ఎక్కడ కొన్నారు, మీ అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి, పక్కింటి అమెరికావాళ్ళకు అన్ని కార్లెందుకు, ఇవన్నీ ఆమెకు తెలియాలి. తెలియకపోతే ఆ పూట అన్నం సహించదు. బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ళు ఆమెను చాటున ‘సీసీ కెమెరా’ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో కూడా తెలుసు.

తణుకు దగ్గర ఒక పల్లెలో పుట్టింది. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. భర్త సత్యం కంప్యూటర్లలో పాతకాలపు భాషలేవో నేర్చుకుని, ఆ పాత భాషలకే గిరాకీ ఉన్న రోజుల్లో అమెరికా వచ్చాడు. కొన్నేళ్ళు పిస్కాటవేలో ఉన్నారు, తర్వాత కాంట్రాక్టు ఎటు పిలిస్తే అటు తిరిగి చివరికి అర్కన్సాలోని ఈ చిన్న ఊళ్ళో స్థిరపడ్డారు. వసంతలక్ష్మి మాట్లాడే ఇంగ్లీషులో క్రియలుండవు. అయినా ఆమె పనులన్నీ జరిగిపోతుంటాయి. ఒక్కతే కూతురు, శ్రీవిద్య. విమానంలో వెళ్ళేంత దూరాన షామ్‌బర్గ్‌లో భర్త తేజేశ్వర్‌తో కాపురం ఉంటోంది, ఇద్దరివీ ఉద్యోగాలే.

అమెరికాలో ఇన్నేళ్ళూ అపార్ట్‌మెంట్లలో గడిపాక, కిందటేడాది భార్యాభర్తలిద్దరూ ఊరికి అవతల, ఓక్ చెట్ల గుట్టను ఆనుకుని ఉన్న ఒక పాత ఇల్లు కొన్నారు. హాలు మధ్యలో ఇనప పొయ్యి, దానికి అద్దపు తలుపు. లోపల మంట కనిపిస్తూ ఉంటుంది, పొగ గొట్టంలోంచి పైకి పోతుంది. ఇల్లు చూపించినామె పడకగదుల గురించి చెబుతూనే ఉంది, వసంతలక్ష్మి మాత్రం ఆ పొయ్యి ముందు చతికిలబడి తలుపు తీసి మూసి, తీసి మూసి చూసుకుంది. ఇంటి బేరం అక్కడే కుదిరిపోయింది.

ఆ ఇంటికి హీటర్ లేక కాదు. ఉంది. కాని ఆ గుట్టల్లో మంచువాన పడిందంటే కొమ్మలు విరిగి తీగల మీద పడతాయి, కరెంటు పోతుంది. కరెంటు పోయాక హీటరూ ఒకటే, గోడా ఒకటే. అందుకే అక్కడివాళ్ళు ఇంటికో కట్టెల పొయ్యి ఉంచుకుంటారు.

మొదటి చలికాలం ముందు సత్యం కట్టెలు అమ్మేవాడికి ఫోన్ చేశాడు. గ్రీన్ కావాలా, సీజన్డ్ కావాలా అని అవతలివాడు అడిగాడు. సత్యం ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి భార్యతో చర్చించాడు. గ్రీన్ అంటే పర్యావరణానికి మంచిదట, సీజన్డ్ అంటే ఈ సీజన్‌లో కొట్టినవై ఉంటాయి. రెండూ మంచివే అయినప్పుడు పుణ్యం వచ్చేదే తీసుకోమంది వసంతలక్ష్మి. గ్రీన్ అంటే పచ్చివనీ, సీజన్డ్ అంటే ఎండబెట్టినవనీ తెలియక, అలా నిన్నగాక మొన్న నరికిన పచ్చి ఓక్ పేళ్ళు ట్రక్కు నిండా వచ్చి వాకిట్లో పడ్డాయి.

అవి మండితే కదా. పొయ్యిలో పెడితే చివర్ల నుంచి నురుగు కక్కుతూ, సుయ్యిమని ఉడికేవి. అద్దం నల్లబడిపోయింది. తలుపు తీసిన ప్రతిసారీ పొగ హాల్లోకి తన్నుకొచ్చేది, సీలింగుకున్న పొగ అలారం ఇల్లెగిరిపోయేలా అరిచేది. సత్యం కుర్చీ ఎక్కి విసనకర్రతో దానికి విసరడం నేర్చుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే క్రిస్మస్ సెలవులకు శ్రీవిద్య వచ్చింది. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకు పిల్లికూతలున్నాయి. వచ్చిన రాత్రే ఊపిరాడక, తెల్లవారగానే మొగుణ్ణి తీసుకుని ఊళ్ళోని హోటల్‌కి మారిపోయింది.

కన్నకూతురు పుట్టింటికి వచ్చి హోటల్లో పడుకుంది. ఈ మాట ఊళ్ళో ఎంతమంది నోళ్ళలో నలిగిందో వసంతలక్ష్మికి లెక్క తెలుసు. అందరి సంగతులూ మోసే మనిషి కాబట్టి, తన సంగతి ఎంత వేగంగా పోతుందో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

చలి తగ్గి చెట్లు చిగుర్లు వేస్తుండగా శ్రీవిద్య ఫోన్ చేసి, నెల తప్పిందని చెప్పింది. వసంతలక్ష్మి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తొలి కాన్పు, పుట్టింటి వంతు. ఆస్పత్రి, ఇన్సూరెన్సు అన్నీ షామ్‌బర్గ్‌లోనే కాబట్టి కాన్పు అక్కడే జరగాలి, అది ఆమె ఒప్పుకుంది. తానే వెళ్ళి దగ్గరుండి చూసుకుని, పసిబిడ్డకు కాస్త ఓపిక రాగానే ఇద్దర్నీ ఇక్కడికి తెచ్చుకుంటుంది. అదీ ఆమె లెక్క. శ్రీవిద్య అడ్డుపడింది.

“రావాలనే ఉందమ్మా. కాని ఆ పొగలోకి నేనే రాలేను, పసిగుడ్డుని ఎలా తీసుకురాను?”

“పొగ రాదే అమ్మలూ. ఈసారి రాదు.”

“పోయినసారి కూడా ఫోన్‌లో ఇలాగే అన్నావు. చూడు, మీకు కుదరకపోతే మా అత్తయ్యగారు వాళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చి చలికాలమంతా ఉంటామంటున్నారు. దసరా అయ్యేలోపు ఏదో ఒకటి చెప్పు. వాళ్ళకి టికెట్స్ బుక్ చేయాలి.”

వియ్యపురాలు మంచి మనిషే. ఆ మంచితనమే వసంతలక్ష్మికి మింగుడుపడలేదు. ఆవిడ వచ్చి అన్నీ చక్కగా చేసిపెడితే, ఇక పుట్టిల్లు ఉండి ఏం లాభం?

మర్నాడే మళ్ళీ కట్టెలు తెప్పించింది. పచ్చివే వచ్చాయి, వసంతకాలంలో దొరికేవి అవే. కాని ఆమెకు దిగుల్లేదు. వాళ్ళ ఊళ్ళో తుమ్మ మొద్దులూ సరుగుడు కట్టెలూ ఒక్క రోహిణికార్తె చూస్తే చాలు, గలగలమనేవి. ఇక్కడా ఎండ బాగానే కాస్తుంది, చలికాలం వచ్చేసరికి అవే దారికొస్తాయి. మొగుడితో కలిసి ఇంటి వెనకాల వాటిని చక్కగా వరస పేర్పించింది.

అంతలో మే నెల వానలు పట్టుకున్నాయి. గుట్ట మీద మబ్బు నల్లగా కమ్ముకొచ్చేసరికి, వసంతలక్ష్మిలోని గోదావరి మనిషి లేచి కూర్చుంది. తుఫాను కబురు వింటే కళ్ళంలో ధాన్యం రాశి మీద బరకం కప్పి, నాలుగంచులూ నేలకు ఆనేలా లాగి, రాళ్ళు పెట్టి, తాళ్ళతో బిగించే ఇంట్లో పెరిగింది మరి. గింజ తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలు. ఆమె సత్యాన్ని తరిమి నీలంరంగు బరకాలు తెప్పించింది. పై నుంచి కిందిదాకా, చీమ దూరే సందు లేకుండా కప్పేసింది. ఇటుకలు పేర్చింది. తాళ్ళు బిగించింది. ఫొటో తీసి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

అటుగా కుక్కను తిప్పుతూ వచ్చిన పక్కింటి డార్లీన్ ఆగి ఆ మూటను చాలాసేపు చూసింది. డార్లీన్ సుమారు ఆమె వయసుదే, ఆ గుట్టల్లోనే పుట్టి పెరిగిన మనిషి, మాట్లాడితే పాట పాడినట్టు సాగదీస్తుంది. ఆ రోజు ఆవిడ చేతులు ఊపుతూ ఏదేదో చెప్పుకుపోయింది. అందులో వసంతలక్ష్మికి చిక్కినది ‘ఎయిర్’ అనే మాట ఒక్కటే. ఎయిర్ అంటే గాలి. గాలివాన వస్తుందని హెచ్చరిస్తోంది పాపం అనుకుని, ఆవిడకు థాంక్యూలు చెప్పి, ఇంకో రెండు తాళ్ళు బిగించింది.

వేసవంతా ఆ నీలిమూటను కిటికీలోంచి చూసుకుంటూ మురిసిపోయింది. దసరాకు ముందు ఒక శనివారం పొద్దున, బరకం తాళ్ళు విప్పింది.

గుప్పున ముక్కిన వాసన కొట్టింది. బరకం లోపలి వైపు నీటిబొట్లు ముత్యాల్లా వేలాడుతున్నాయి. పేళ్ళ మీద తెల్లటి బూజు, అడుగు వరసలో చిన్న చిన్న పుట్టగొడుగులు. లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక, వేసవి ఎండకు ఆవిరై మళ్ళీ అక్కడే కురిసింది. బయటి వాన నుంచి కాపాడుతున్నానని, ఆమె లోపల ఒక వానాకాలాన్ని మూటగట్టింది.

సత్యం ఒక చిన్న యంత్రం కొనితెచ్చాడు. రెండు సూదులు కట్టెకు గుచ్చితే తేమ శాతం చూపిస్తుంది. తేమ శాతం అనే మాట వినగానే వసంతలక్ష్మి మొహం మాడింది. వాళ్ళ నాన్న బండి కట్టుకుని మిల్లుకు ధాన్యం తోలితే, తేమ ఎక్కువుందని వెనక్కి పంపిన రోజులు ఆమెకింకా గుర్తు. పై వరసలో ఆరినట్టున్న పేడుకు గుచ్చితే అంకె తక్కువే చూపించింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తన అలవాటు చొప్పున లోపలేముందో కూడా చూడందే ఊరుకోలేక, ఆ పేడును నిలువునా చీల్పించింది. లోపలి ముఖం మీద గుచ్చేసరికి అంకె రెట్టింపైంది. ధాన్యమైతే గింజ ఆరితే ఆరినట్టే. ఓక్ అలా కాదు, పైపైన పొడిగా నవ్వుతూ లోపల నీళ్ళు దాచుకుంటుంది.

డార్లీన్‌ను పిలిచి చూపించింది. ఆవిడ నవ్వలేదు. బరకం అంచులు రెండు చేతులతో పట్టుకుని, వరిచేలో దిగే ఆడమనిషి చీర ఎగ్గట్టినట్టు, పైకంటా ఎత్తి చూపించింది. పైన కప్పు ఉంటే చాలు, పక్కలన్నీ గాలికి వదిలేయాలి. ఓక్‌కైతే రెండు వేసవులు కావాలంటూ రెండు వేళ్ళు చూపించింది. ఈ ఏడాదికి ఎండినవి నీ దగ్గరేమైనా ఉన్నాయా అని సైగలతో అడిగితే, ఆవిడ తల అడ్డంగా ఊపింది. తనకే డిసెంబరు సగానికి మించి రావట. ఊళ్ళో అమ్మేవాళ్ళ దగ్గర విచారిస్తే, ఎండినవన్నీ ఎప్పుడో అయిపోయాయన్నారు. జనం వేసవిలోనే కొనిపెట్టుకుంటారట.

ఆ సాయంత్రం వసంతలక్ష్మి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాలని కూర్చుంది. ఎవరి దగ్గరైనా ఎండు కట్టెలుంటే ఇమ్మని అడగాలి. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. కూతురు నిండు చూలాలు. పుట్టబోయే బిడ్డను తలుచుకుంటూ, ఊరందరినీ కట్టెలు ఇమ్మని అడుగుతుందా? కట్టెలు పోగుచేయడం ఏ పనికో తెలియని తెలుగువాళ్ళెవరు? చెంపలు వేసుకుని, వాళ్ళ నాయనమ్మ శుభకార్యాలప్పుడు వాడే మాట వెతుక్కుంది. గొంతు సవరించుకుని చెప్పింది. “అమ్మా, మా విద్య పురుడయ్యాక బిడ్డతో వస్తోంది. మీ ఎవరి దగ్గరైనా బాగా ఎండిన వంటచెరకు ఉంటే చెప్పండమ్మా. నేనే వచ్చి తీసుకెళ్తాను.”

గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడ్డాయి, శుభాకాంక్షలు పడ్డాయి. వంటచెరకు మాత్రం ఎవరూ ఇస్తామనలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంటిముందు కారు ఆగింది. అనుష్క దిగింది. వరంగల్ పిల్ల, చదువు పూర్తయి కొత్తగా ఉద్యోగంలో చేరింది, ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఊళ్ళో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంది. వసంతలక్ష్మి పంపే పప్పుచారు డబ్బాల మీద బతికే పిల్లల్లో ఒకతి. కారు కిటికీలోంచి బారెడు బయటికి పొడుచుకొచ్చిన చెరకు గడలు నాలుగు లాగి వాకిట్లో పెట్టింది.

“ఎండినవైతే యాడా దొరకలే ఆంటీ. స్ప్రింగ్‌డేల్‌ల మెక్సికన్ షాప్ దాకా డ్రైవ్ చేసుకుంట పోయిన. పచ్చివే ఉన్నై. మీరే ఎండబెట్టుకోవాలె.”

వసంతలక్ష్మి చెరకు గడల్ని చూసింది, పిల్లను చూసింది. “ఇవెందుకే తల్లీ?”

“బాలింతకు ఏదో వండిపెడతరు కదా ఆంటీ? వంట చెరకు అన్నరు. మా రూమ్మేట్ గూగుల్ చేసింది, రెసిపీ దొరకలే.”

వసంతలక్ష్మి మెట్ల మీద కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఎన్నాళ్ళకో అంత నవ్వు. తర్వాత, అప్పుడూ కట్టెలనే మాట నోట రానివ్వకుండా, వంటచెరకు అంటే పొయ్యిలో పెట్టుకునే పుల్లలని చెప్పింది. అనుష్కకు ఇంకా అర్థం కాలేదు. సత్యం లోపలినుంచి కేకేశాడు. “ఫైర్‌వుడ్ అమ్మా, ఫైర్‌వుడ్!”

“అయ్యో, ఫైర్‌వుడ్డా? గది మా గ్యారేజ్‌ల బొచ్చెడుంది ఆంటీ. ముందున్నోళ్ళు వదిలేసి పోయిన్రు. ఎన్నేండ్లయిందో ఏమో. బియ్యం బస్తాలు దాని మీదనే పెడుతున్నం.”

వసంతలక్ష్మి తేమ చూసే యంత్రం, గొడ్డలి పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కింది.

అనుష్క గ్యారేజీలో గోడవారగా, బూడిదరంగు తిరిగిన పేళ్ళు నడుమెత్తున ఉన్నాయి. చివర్లన్నీ నెర్రెలిచ్చాయి. బెరడు గోరుతో ఊడొస్తోంది. రెండు పేళ్ళు తీసి ఒకదానితో ఒకటి కొడితే ఠంగుమన్నాయి. ఒకదాన్ని చీల్చి, లోపలి ముఖానికి సూదులు గుచ్చి చూసింది. మిల్లువాడు కూడా మారుమాట్లాడకుండా దించుకునే అంకె వచ్చింది.

అప్పుడు వెలిగింది ఆమెకు. ఈ ఊళ్ళో పాత ఇళ్ళలో ఉండే ప్రతి తెలుగు కుటుంబం మొదటి చలికాలం సరదాపడి కట్టెలు కొంటుంది. ఒక్కసారి నిప్పుల ముందు కూర్చుని ఫొటో దిగుతుంది. పొగ అలారం మోగుతుంది. ఇక అంతే, ఆ పొయ్యి పూజామందిరమైపోతుంది, కట్టెలు గ్యారేజీలో మిగిలిపోతాయి. ఎవరింట్లో పొయ్యి ఉందో, ఎవరి పొయ్యిలో వేంకటేశ్వరస్వామి కొలువై ఉన్నాడో, ఈ ఊళ్ళో వసంతలక్ష్మికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఇన్నాళ్ళూ జనం వెక్కిరించిన ఆరాలన్నీ ఒక్కసారిగా పనికొచ్చాయి.

ఆ వారమంతా గ్యారేజీల యాత్రే. గ్యారేజీ తలుపు పైకి లేస్తుంటే ఆమె కళ్ళు ఎలా మెరిసేవో చెప్పనలవి కాదు. కట్టెలతోపాటు, ఎవరు ఎన్ని సూట్‌కేసులు దాచుకున్నారో, ఎవరు వ్యాయామం యంత్రం కొని బట్టలారేసుకుంటున్నారో అంతా చూసుకుంది. దొరికినవన్నీ తీసుకోలేదు. పురుగు తొలిచి పిండి రాలుతున్నవాటినీ, కాగితం చుట్టి దుకాణాల్లో అమ్మే మైనపు దుంగల్నీ వద్దంది. మిగతావి అనుష్కా వాళ్ళూ వాళ్ళ కార్లలో చేరవేశారు. బదులుగా ఎవరింటికి ఉసిరావకాయ, ఎవరింటికి కందిపొడి అనేది ఆమె కారులోనే నిర్ణయించేసేది.

చివరికి శశికళ ఇల్లు మిగిలింది. ఊళ్ళో అందరికన్నా పెద్ద పోగు వాళ్ళింట్లోనే ఉంది. ‘సీసీ కెమెరా’ అన్న పేరు పెట్టింది కూడా శశికళే. వసంతలక్ష్మి రెండ్రోజులు ఆ వీధిలోకి వెళ్ళకుండా తిరిగింది. మూడోరోజు కూతురి గొంతు గుర్తొచ్చి, వెళ్ళి తలుపు తట్టింది.

శశికళ సంగతి విని చేతులు కట్టుకుని నిలబడింది. “ఇన్నాళ్ళూ మా ఇళ్ళలో పుల్లలు పెట్టి వెళ్ళేవారు. ఇప్పుడు పుల్లలు తీసుకెళ్తానంటున్నారు. కాలం మారింది వదినగారూ.”

ఇంకోరోజైతే వసంతలక్ష్మి దానికి నాలుగు మాటలు ఎక్కువే అనేది. ఈసారి మాత్రం అసలు సంగతే చెప్పింది. “నా కూతురు కిందటేడు హోటల్లో పడుకుంది శశీ. నీకు తెలిసిందేగా. ఈసారి పసిగుడ్డుతో వస్తానంటోంది. పొగ వస్తే ఇక ఎప్పటికీ రాదు.”

శశికళ చేతులు విప్పింది. గోడ మీదున్న మీట నొక్కి గ్యారేజీ తలుపు తెరిచింది. కట్టెల మీద పేర్చిన బొమ్మల కొలువు పెట్టెల్ని తనే ఒక్కొక్కటీ కిందికి దించింది. పోగు ఖాళీ అయ్యాక, ఆ చోట ఏం పెట్టుకుంటావని వసంతలక్ష్మి ఉండబట్టలేక అడిగింది. దాంతో ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఎండినవన్నీ కారు షెడ్డులో ఒక వైపు పేర్చారు. వేసవిలో పాడైన ఓక్ పేళ్ళను ఇంటి వెనక, గాలి తగిలే చోట, కింద చెక్కలు వేసి, అడ్డంగా నిలువుగా సందులు వదిలి మళ్ళీ పేర్చారు. పైన మాత్రం రేకు కప్పారు. అవి వచ్చే ఏడాదికి, కాకపోతే పై ఏడాదికి.

అప్పుడు గాని షామ్‌బర్గ్‌కి ఫోన్ చేయలేదు. ఈసారి గొప్పలు చెప్పలేదు. పొయ్యి మండుతుంటే వీడియో తీసి పంపించి, నువ్వే చూసుకుని చెప్పమంది. ఆ సాయంత్రానికల్లా శ్రీవిద్య ఫోన్ చేసి, బిడ్డతో వస్తానని చెప్పింది. వస్తాను గాని, వారానికే రిటర్న్ టికెట్ తీసుకుంటాను, ఆ తర్వాత అత్తయ్యగారు వాళ్ళు వస్తారు, ఏమీ అనుకోవద్దు అంది. వసంతలక్ష్మి ఏమీ అనుకోనంది. ఫోన్ పెట్టేశాక చాలా అనుకుంది.

నవంబరులో ఆడపిల్ల పుట్టింది. వేద అని పేరు పెట్టుకున్నారు. వసంతలక్ష్మి వెళ్ళి దగ్గరుండి అన్నీ చూసుకుంది. బిడ్డకు నెల దాటాక, డాక్టర్ సరేనన్నాక, తల్లీ కూతుళ్ళను వెంటబెట్టుకుని విమానమెక్కింది. అక్కడున్నన్నాళ్ళూ ఆమె ప్రాణం ఒక్క విషయం మీదే కొట్టుకుంది. ఇంటి దగ్గర రెండు పోగులున్నాయి. సత్యం ఏ పోగులోంచి తీస్తాడో? రోజూ ఫోన్‌లో షెడ్డు, షెడ్డు అని చెబుతూనే ఉంది. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ ఊఁ విన్న మనిషికి దాని మీద ఏమాత్రం నమ్మకం లేదు.

విమానాశ్రయానికి ఆయనే కారు తెచ్చాడు. బయట చలి ఎముకలు కొరుకుతోంది, గడ్డి మీద తెల్లగా మంచు. పొయ్యి వెలిగించారా అని అడిగితే, వెలిగించాను అన్నాడు. ఎక్కడివి అంటే, నువ్వు చెప్పినవే అన్నాడు.

మలుపు తిరిగి ఇల్లు కనిపించగానే వసంతలక్ష్మి ముందుకు వంగి పైకప్పు వైపు చూసింది. డార్లీన్ ఇంటి గొట్టంలోంచి తెల్లగా పొగ లేస్తోంది. వీళ్ళ గొట్టంలోంచి ఏమీ రావడం లేదు. చిన్న చార కూడా లేదు. పొయ్యి ఆరిపోయి ఉండాలి, లేదా అసలు వెలిగించే ఉండడు. వెనక సీట్లో నెలబిడ్డ ఉంది, ఇల్లు మంచుగడ్డలా ఉంటుంది. వారం ఎందుకు, రేపే వెళ్ళిపోతానంటుంది పిల్ల. మొగుణ్ణి తిట్టడం వాయిదా వేసి, సంచిలోంచి పాపకు ఇంకో దుప్పటి వెతికింది.

తలుపు తెరిచి ముందు శ్రీవిద్యే లోపలికి వెళ్ళింది. గుమ్మంలోనే ఆగి, భయంభయంగా చిన్నగా గాలి పీల్చింది. మళ్ళీ ఇంకొంచెం. “ఏంటి నాన్నా, స్టవ్ వెలిగించలేదా? స్మెల్లే లేదు.” అంటూనే, మెడకు చుట్టుకున్న ఉన్ని కండువా విప్పేసింది. ఆ తర్వాత కోటు. వేద మీది దుప్పటి ఒక మడత తీసింది.

హాలంతా గోరువెచ్చగా ఉంది. అద్దం వెనక పసుపుపచ్చటి మంట, చప్పుడు లేకుండా నిలకడగా మండుతోంది. అద్దం మీద మసి లేదు. బాగా ఎండినవి మండితే గొట్టంలోంచి కళ్ళకు కనిపించేంత పొగ రాదని వసంతలక్ష్మికి అప్పుడే తెలిసింది. ఇంటాయన వైపు తిరిగి, ఇంకొన్ని పుల్లలు తెస్తారా అని చాలా మర్యాదగా అడిగింది. అంత మర్యాదకు సత్యం కాస్త కంగారుపడ్డాడు.

వారం తిరగకుండానే మంచువాన వచ్చింది. పొద్దున లేచేసరికి చెట్లన్నీ గాజు పోతపోసినట్టు నిలబడ్డాయి. ఫెళఫెళ కొమ్మలు విరిగిపడుతున్నాయి. ఊరి సగానికి కరెంటు లేదు. వసంతలక్ష్మి ఒక్కొక్కరికే ఫోన్ చేసి, ఎవరింట్లో వేడి ఉందో ఎవరింట్లో లేదో కనుక్కుని, లేనివాళ్ళందర్నీ, రోడ్డు మీద ఉప్పు చల్లిన తర్వాతే, మెల్లగా బయల్దేరి రమ్మంది. మధ్యాహ్నానికి శశికళ, ఆమె భర్త పులిహోర గిన్నెతో దిగారు. అనుష్కా వాళ్ళు నలుగురూ దుప్పట్లు చుట్టుకుని వచ్చారు. డార్లీన్ కుక్కతో సహా వచ్చి కూర్చుంది. ఎండినవి అయిపోయి పచ్చివి కాలుస్తుంటే ఆవిడ ఇల్లు పొగచూరిపోతోందట, వీళ్ళింట్లో హాయిగా ఉందని సాగదీస్తూ చెప్పింది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో పాపకు నీళ్ళు కాగుతున్నాయి.

శశికళ పొయ్యి తలుపు తీసి తన ఇంటి పేడు ఒకటి తనే లోపలికి తోసి, అది అంటుకునేదాకా చూసింది. “ఎనిమిదేళ్ళు మా గ్యారేజీలో పడుకుంది వదినగారూ ఇది. ఇంతలా మండుతుందని తెలిస్తే ఇచ్చేదాన్నా?” అంది. అని, వేదను ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ సాయంత్రందాకా ఎవరికీ ఇవ్వలేదు.

సాయంత్రం శ్రీవిద్య ఫోన్ పట్టుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. వసంతలక్ష్మి వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నీళ్ళు కట్టేసి నిలబడింది.

“లేదు తేజూ, నాకు ఒక్కసారి కూడా వీజింగ్ రాలేదు. పాప కూడా చక్కగా నిద్రపోతోంది. కరెంటు పోయినట్టే నాకసలు అనిపించలేదు… నా రిటర్న్ టికెట్ క్యాన్సిల్ చేసెయ్. అత్తయ్యగారు వాళ్ళని ఎండాకాలంలో రమ్మందాం, అప్పుడైతే వాళ్ళకీ చలి ఉండదు. నేను ఉగాది దాకా ఇక్కడే ఉంటాను. వీకెండ్స్ నువ్వే వచ్చెయ్.”

శ్రీవిద్య బయటికొచ్చి, అమ్మా నీకో మాట చెప్పాలి అంది. వసంతలక్ష్మి ఏమీ ఎరగనట్టు కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఏంటమ్మా అంది. కూతురు చెప్పిందంతా మొదటిసారి వింటున్నట్టే విని, ఆ వెంటనే షెడ్డులోకి వెళ్ళింది. పోగు ముందు నిలబడి, ఉగాది దాకా సరిపోతాయా లేదా అని కళ్ళతోనే కొలుచుకుంది. సరిపోకపోతే ఊళ్ళో ఇంకా చూడని గ్యారేజీలు ఎవరెవరివో ఆమెకు తెలుసు.